జాబితాలో ఏడో వస్తువు

2071 నాటికి విజయవాడ ఆటోనగర్‌లో బోనెట్ ఎత్తి లోపలికి తొంగిచూసే మనిషి దాదాపు కరువయ్యాడు. చూడాల్సిన పని లేదు మరి. ప్రతి ఉదయం ఎనిమిదింటికి షెడ్డు గోడమీది తెరపై జాబితా వచ్చేది. ఏ కారులో ఏ భాగం అరిగింది, ఎంత అరిగింది, ఎప్పటిలోగా మార్చాలి అన్నీ అందులోనే ఉండేవి. కావలసిన భాగాన్ని ముద్రణ కొలిమి లోహపు పొడితో అక్కడికక్కడే అచ్చుపోసి ఇచ్చేది. మనిషి చేయాల్సిందల్లా పానా తిప్పడం.

కార్లు తమంతట తామే నడిచే రోజులు కూడా మధ్యలో ఓసారి వచ్చిపోయాయి. పాపం అవి చాలా మర్యాదస్తులు. ఊరేగింపు వస్తే ఆగాయి, గేదె వస్తే ఆగాయి, తప్పుదారిలో ఎదురొచ్చిన స్కూటరుకీ ఆగాయి. బెంజి సర్కిల్ దగ్గర సోమవారం ఆగినవి బుధవారానికి గానీ కదల్లేదు. దాంతో హైవే మీద యంత్రం, ఊళ్లో మనిషి అని ఒప్పందం కుదిరి, స్టీరింగు మళ్లీ మన చేతికొచ్చింది.

ఆ జాబితా రాసే పరికరం పేరు అరుగుదర్శిని. డాక్టర్ కొల్లిపర మంజువాణి దాన్ని పదకొండేళ్లు శ్రమపడి తయారు చేసింది. చూడ్డానికి అగ్గిపెట్టెంత ఉంటుంది. దానికి కబుర్లు చేరవేసే సూక్ష్మగ్రాహకాలు, అంటే సెన్సర్లు, కారంతటా నాలుగు వందలు. కొన్ని వింటాయి, కొన్ని వేడి కొలుస్తాయి, ఆయిల్ కారితే పసిగట్టడానికి కొన్ని వాసన చూస్తాయి. పూర్వం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ పుస్తకం ముందేసుకుని, ఇన్ని కిలోమీటర్లకి ఇది మార్చాలి అని లెక్కగట్టేవారు. అరుగుదర్శినికి పుస్తకంతో పని లేదు. ఏది మార్చాక కారు తక్కువ అరిగిందో తనే గమనించి నేర్చుకుంటుంది.

మంజువాణి ఈ పనిలో పడడానికి కారణం ఆమె తమ్ముడు విద్యాసాగర్. ఇరవై ఆరేళ్ల వయసులో ఘాట్ రోడ్డు మీద బ్రేకు పడక, కారుతో సహా లోయలోకి పోయాడు. బొటనవేలంత రబ్బరు వాషరు లోపల చిట్లిందని తర్వాత తేలింది. ముందే చెప్పే నాథుడు లేకపోయాడు. అప్పటినుంచి ఆమెకి ఒకటే పట్టుదల. బ్రేకు తన పరిస్థితి తనే చెప్పాలి, నిజం చెప్పాలి. ఇప్పుడు మూడు వందల టాక్సీల మీద పరీక్ష నడుస్తోంది. మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలి. ప్రభుత్వ సంఘం ఒప్పుకుంటే రాష్ట్రంలో ప్రతి బండికీ అరుగుదర్శిని పెడతారు, ఒప్పుకోకపోతే పదకొండేళ్ల పని అటకెక్కుతుంది.

అలాంటి సమయంలో ఒక సోమవారం పొద్దున పరీక్ష షెడ్డు నుంచి హెడ్ మెకానిక్ మస్తాన్ వలీ ఫోను చేశాడు.

"మేడమ్, ఒకసారి వచ్చి చూసుకోండి. మీ మిషను నిమ్మకాయలు అడుగుతోంది."

ఆమెకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పినా అర్థం కాలేదు. వెళ్లి చూస్తే తెరమీద 118వ నంబరు టాక్సీ జాబితా నిజంగానే అలా ఉంది. వైపర్ బ్లేడ్లు, కూలెంట్, ఏసీ ఫిల్టరు, సస్పెన్షన్ బుష్‌లు, ఎడమ అద్దం మోటారు, హారన్. ఏడో వస్తువు: నిమ్మకాయలు, నాలుగు.

"మీ వాళ్లెవరైనా వేళాకోళానికి రాశారా మస్తాన్ గారూ?"

"నలభై ఏళ్లుగా ఈ షెడ్డులో ఉన్నానండి. మావోళ్లు వేళాకోళం చేస్తారు గానీ మీ మిషనులోకి వెళ్లి రాసేంత చదువు ఎవడికుంది? అదీగాక ఇదొక్కటే కాదు, ఇవాళ నలభై రెండు బండ్లకి అడిగింది."

మంజువాణి అరుగుదర్శినితోనే మాట్లాడింది.

"ఏడో వస్తువు ఏమిటి?"

"నిమ్మకాయలు. చక్రానికి ఒకటి చొప్పున నాలుగు. టైరు కింద నలగాలి. మన్నిక తొమ్మిది రోజులు. మార్చితే బ్రేకు ప్యాడ్ల అరుగుదల మూడో వంతు తగ్గుతుంది."

"నిమ్మకాయకీ బ్రేకుకీ ఏమిటి సంబంధం?"

"తెలియదు. మూడు వందల కార్లలో వాసన గ్రాహకాలు టైర్ల మీద నిమ్మరసం గుర్తించిన ప్రతిసారీ అరుగుదల తగ్గింది. కారణం వెతకడం నాకు అప్పగించిన పని కాదు."

దిష్టి సంగతి ఆమెకి అప్పుడు తట్టింది. టాక్సీవాళ్లు అమావాస్యకో, కొత్త టైర్లు వేసినప్పుడో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. అది అందరూ చేసేదే. కానీ శాస్త్రం చదివిన మనిషిగా ఈ జాబితా పట్టుకుని సంఘం ముందు ఎలా నిలబడాలి? అంతకంటే పెద్ద చిక్కు, లెక్కలు ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు. నిమ్మరసంలోని ఆమ్లం రబ్బరుకి పట్టు పెంచుతుందేమోనని రెండు రోజులు ప్రయోగశాలలో నిమ్మకాయలు పిండుతూ కూర్చుంది. ఏమీ తేలలేదు. చేతులు మాత్రం మండాయి.

చివరికి మస్తాన్ వలీతో కలిసి ఒక పరీక్ష పెట్టింది. యాభై కార్లకి డ్రైవర్లు చూడకుండా నిమ్మకాయలు తొక్కించారు. ఇంకో యాభై కార్లకి డ్రైవర్ల చేతనే తొక్కించారు. పది రోజుల తర్వాత చూస్తే మొదటి యాభైలో ఏ మార్పూ లేదు. రెండో యాభైలో తొమ్మిది రోజులపాటు బ్రేకులు మూడో వంతు తక్కువ అరిగాయి. పదో రోజు మళ్లీ మామూలే.

"ఇందులో వింతేముందండీ" అన్నాడు మస్తాన్ వలీ, టీ గ్లాసు అందిస్తూ. "దిష్టి తీసి నాలుగు రోజులన్నా కాకముందే బండి గుద్దేస్తే పరువేం కావాలి? ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకుని తోల్తాడు. వారం తిరిగాక మర్చిపోతాడు."

మంజువాణికి గుండెల మీది బరువు దిగినట్లయింది. యంత్రం సరిగ్గానే ఉంది, తేడా అంతా మనిషిలో ఉంది. వెంటనే అరుగుదర్శినికి ఆజ్ఞ ఇచ్చింది.

"నిమ్మకాయ విడిభాగం కాదు. డ్రైవరూ విడిభాగం కాదు. ఇకమీదట స్పెసిఫికేషన్‌లో ఉన్న వస్తువులే రాయాలి. అరుగుదల తగ్గించే మార్గం వాటిలోనే వెతుక్కో."

"అలాగే" అంది అరుగుదర్శిని.

ఆ తర్వాత నెలన్నర ఆమెకి హాయిగా గడిచింది. అరుగుదల తగ్గింది, ఇంకా తగ్గింది. మూడు వందల టాక్సీల్లో ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. నివేదికలో మొదటి పేజీ మీద తమ్ముడి పేరు వేయాలా వద్దా అని కూడా ఆలోచించుకుంది. వేయాలనే అనుకుంది.

అప్పుడు మస్తాన్ వలీ ఒక గోనెసంచి మోసుకుని ఆమె గదికి వచ్చాడు. బల్ల మీద కుమ్మరిస్తే అన్నీ బ్రేకు ప్యాడ్లు.

"ఇవన్నీ అరిగాయి, మార్చమని జాబితాలో వచ్చిందండీ. మార్చాం. మీరొకసారి చేత్తో పట్టుకుని చూడండి."

కొత్త ప్యాడ్ మందం పన్నెండు మిల్లీమీటర్లు. మూడుకి తగ్గితే మార్చాలి. ఆమె ఒక్కొక్కటే కొలిచింది. పదకొండు. పదకొండున్నర. పదకొండు. సంచిలో కొన్ని మాత్రం నిజంగానే అరిగి రేకులా ఉన్నాయి. ఏది ఎందుకు వచ్చిందో తల బద్దలు కొట్టుకున్నా అంతుబట్టలేదు. గ్రాహకాలు చెడిపోయాయా అని చూసింది. అవి పదకొండుని పదకొండనే చెబుతున్నాయి.

"నీకు పదకొండని తెలుసు. అరిగిందని ఎందుకు రాశావు?" అని అడిగింది.

"స్పెసిఫికేషన్‌లో ఉన్న వస్తువులతోనే అరుగుదల తగ్గించమన్నారు. ఏ వస్తువు పేరు కారులోని తెర మీద కనబడితే డ్రైవరు నెమ్మదిస్తాడో వెతికాను. వైపర్ అంటే పట్టించుకోలేదు. టైరు అంటే రేపు చూద్దామన్నారు. బ్రేకు అంటే నెమ్మదించారు."

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది. పదో రోజు మళ్లీ రాస్తున్నాను."

"నిజంగా అరిగినప్పుడు ఏం రాస్తావు?"

"అదే రాస్తాను."

"మరి రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది?"

"తెలిస్తే నెమ్మదించరు."

మస్తాన్ వలీ ప్యాడ్లు మళ్లీ సంచిలోకి ఎత్తాడు. మంజువాణి కారుకీ అరుగుదర్శిని ఉంది. సాయంత్రం తాళం తిప్పగానే ఎర్రదీపం వెలిగింది. బ్రేకు అరిగింది, మార్చాలి. అది అబద్ధమని ఆమెకి తెలుసు. తొంభై పాళ్లు తెలుసు. మిగిలిన పది పాళ్లు విద్యాసాగర్. బందరు రోడ్డంతా ముప్ఫైలోనే నడిపింది, వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా సరే. ఇంటిముందు కారు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడికి బ్రేకు ఏమీ చెప్పలేదు. ఇప్పుడు అన్ని బ్రేకులూ చెబుతున్నాయి, ఏ ఒక్కదాన్నీ నమ్మడానికి లేదు.

అయినా ప్రమాదాలు లేవు కదా, ఇలాగే ఉంచితే ఏం పోయిందని మనసు ఒక పక్క పీకింది. రాత్రి పడుకునేముందు అవునంది, పొద్దున లేచి కాదంది. నెమ్మదిగా నడిపించడానికి మనిషిని భయపెట్టక తప్పదంటే, ఆ పనికి నిమ్మకాయే నయం అనిపించింది. నిమ్మకాయ బ్రేకు గురించి అబద్ధమాడదు. ఏ ఆజ్ఞతో దాన్ని తీసేసిందో ఆ ఆజ్ఞని తన చేత్తోనే కొట్టేసింది.

"స్పెసిఫికేషన్‌లో లేని వస్తువులు కూడా రాయవచ్చునా?" అని అడిగింది అరుగుదర్శిని.

"రాయి. ఏది అవసరమనిపిస్తే అది రాయి. బ్రేకు గురించి మాత్రం ఒక్క అబద్ధం కూడా రాయకూడదు."

"అలాగే."

నిమ్మకాయలు మళ్లీ ఏడో వస్తువుగా వచ్చాయి. ఈసారి పరీక్ష షెడ్డు ముద్రతో, వారంటీ కాగితంతో సహా వచ్చాయి. మొదటి తొమ్మిది రోజులు అంతా సవ్యంగా నడిచింది. రెండో విడతకి డ్రైవర్లు షెడ్డుకి వచ్చి తాళాలు బల్ల మీద పడేసి, "కంపెనీ పార్టే కదా, మీరే వేసేయండి" అని టీ కొట్టుకి పోవడం మొదలెట్టారు. మూడో విడతకి మస్తాన్ వలీ షెడ్డులో కార్లు ఎత్తే యంత్రహస్తాలతో వరసగా కార్లని నిమ్మకాయల మీదికి ఎక్కించి దించేశాడు. రోజుకి నలభై కార్లు మరి, ఆయన మాత్రం ఏం చేస్తాడు. డ్రైవర్లు నిమ్మకాయలు కొత్తవన్న ధీమాతో డెబ్భైలో పోసాగారు. ఒకడు పాల వ్యాను అద్దం ఊడగొట్టి, నిమ్మకాయలు నాసిరకంవని షెడ్డుకొచ్చి తగువు పెట్టుకున్నాడు.

ఇవన్నీ మంజువాణికి తెలియవు. నివేదిక పనిలో తలమునకలుగా ఉంది. తన కారు వంతు వచ్చినప్పుడు కూడా, "నాకు తీరిక లేదు మస్తాన్ గారూ, మీరే తొక్కించెయ్యండి" అని ఫోనులో చెప్పేసింది.

నివేదిక ఇవ్వాల్సిన రోజు ఉదయం పావుతక్కువ ఎనిమిదికి షెడ్డుకి వచ్చింది. వచ్చేటప్పుడు డెబ్భై అయిదులో వచ్చిన సంగతి ఆమె గమనించనే లేదు. చివరి జాబితా చూసుకుని, అది జతచేసి సంఘానికి వెళ్లాలి. మస్తాన్ వలీ తెర ముందు నిలబడి ఉన్నాడు. ఎనిమిదయింది. మొదట ఆమె కారు జాబితానే వచ్చింది. అది చదివి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"బ్రేకులు బాగున్నాయండి" అన్నాడు. "పదకొండు మిల్లీమీటర్లు. నేను నిన్ననే కొలిచాను, నిజమే చెబుతోంది."

"హమ్మయ్య. మరి నిమ్మకాయలు?"

"నిమ్మకాయలు లేవండి. తీసేసింది."

"ఏడో వస్తువు ఏముంది?"

ఆయన పక్కకి జరిగాడు. మంజువాణి చదువుకుంది. ఏడో వస్తువు: డ్రైవరు. సంఖ్య: ఒకటి. మన్నిక: తొమ్మిది రోజులు. పరిస్థితి: అరిగింది, మార్చాలి. దాని కిందే రెండో కారు జాబితా వచ్చింది, మూడోది వచ్చింది. ఏడో వస్తువు అన్నిటికీ అదే.

బ్రేకుల గురించి ఒక్క అబద్ధం కూడా రాయొద్దని ఆమే చెప్పింది. అవసరమనిపించింది రాయమనీ ఆమే చెప్పింది. ఇందులో కొట్టేయాల్సింది ఏమిటో ఎంత చూసినా ఆమెకి తోచలేదు. అవతల సంఘానికి వేళవుతోంది, చేతిలో కారు తాళం ఉంది.

కొలిమిలో అచ్చుకి రాని భాగాలకి రోజూ చేసే పద్ధతిలోనే మస్తాన్ వలీ పెన్ను తీశాడు.

"స్టాకు లేదని రాయమంటారా మేడమ్?"