పెట్టెలు పారిపోయిన రైలు

రంపం నోరు తెరిచాడంటే వీధి చివర కుక్క కూడా తోక ఊపడం మానేసి వినేది. అసలు పేరేంటని అడిగితే వాళ్ళమ్మే కాసేపు ఆలోచించేది. అతని వడ్రంగి షెడ్డులో రంపం ఎంతసేపు ఆడుతుందో ఆ నోరూ అంతసేపు ఆడేది కాబట్టి వీధి జనం ఆ పేరే ఖాయం చేశారు.

పనికి మాత్రం వంక పెట్టలేం. పిల్లలు ఆడుకునే చెక్క రైలు పట్టాలు చేసేవాడు. వంపులు, వంతెనలు, సొరంగాలు, వాటి మీద తిరిగే బుల్లి పెట్టెలు. అతను ఉప్పుకాగితంతో రుద్దిన పట్టా మీద ఒకసారి ఈగ వాలి, జారిపడి నడుం విరగ్గొట్టుకుందట. ఆ తర్వాత ఈగల జాతి మొత్తం ఆ షెడ్డు వైపు రావడం మానేసింది.

అలాంటి షెడ్డులోకి ఒక వానరోజు ఒక అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయింది. చున్నీలో చుట్టి తెచ్చిన అట్టపెట్టె మీద మాత్రం చుక్క లేదు.

"కాస్త తలుపు వేసుకోవచ్చు కదండీ, వాన లోపలికొస్తోంది!" అంది, అతని పొట్టు కుప్ప మీద నీళ్ళు కారుస్తూ.

"ఇప్పటిదాకా బయటే ఉందండీ వాన. మీతో పాటే వచ్చింది."

అమ్మాయి నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడింది. "షాపత్త పంపింది" అంది.

షాపత్త అంటే బొమ్మల షాపు నడిపే ఆవిడ. వీధి మొత్తానికి వరస కలుపుకున్న అత్త. ఈ అమ్మాయికి మాత్రం సొంత మేనత్త.

"ఓహో, మిషన్లు బాగుచేసే మేనకోడలంటే మీరేనా? మిమ్మల్నే బ్యాటరీ అంటారటగా?"

"ముందు మీరు నోటి స్విచ్ ఆపితే, నేను ఇంజన్ స్విచ్ వేస్తా."

అట్టపెట్టెలోంచి అరచేతంత ఎర్ర ఇంజన్ తీసింది. కడుపులో ఒక పెన్సిల్ సెల్లు, చిన్న మోటరు. చేత్తో తోసే రైళ్ళని పిల్లలు ఇప్పుడు కన్నెత్తి చూడటం లేదని, దానంతట అది నడిచే ఇంజన్ కావాలని షాపత్త పోరు పెట్టిందట. పట్టా మీద పెట్టి మీట నొక్కింది. 'ర్ర్ర్' మంటూ ఇంజన్ వంతెన ఎక్కింది, దిగింది, సొరంగంలో దూరింది. రంపం నోరు తెరుచుకునే ఉంది. ఆ సొరంగంలో ఇంజన్‌తో పాటు అతని గుండె కూడా దూరింది. ఇంజన్ అవతల తేలింది. గుండె ఇంకా తేలలేదు.

"ఏదీ, పెట్టెలు తగిలించండి" అంది.

పెట్టెలకి ముందూ వెనకా అయస్కాంతం బిళ్ళలుంటాయి. ఒకదాని పక్కన ఒకటి పెడితే 'టక్' మని అతుక్కుంటాయి. రంపం దర్జాగా పెట్టెల వరస తెచ్చి ఇంజన్ వెనక పెట్టాడు.

వరస మొత్తం వెనక్కి జరిగింది.

మళ్ళీ దగ్గరికి తోశాడు. మళ్ళీ జరిగింది. అప్పులవాణ్ణి చూసిన మనిషిలా, ఇంజన్ దగ్గరికొస్తే చాలు పెట్టెలు పారిపోతున్నాయి.

"బిళ్ళ తిరగేసి పెట్టావ్!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"నేనా? ఏళ్ళ తరబడి చేస్తున్నానమ్మా పెట్టెలు!"

"చేత్తో తోసే పెట్టెలు. ఇంజన్ ఎట్లా చెప్తే పెట్టెలు అట్లా వినాలి."

"పెట్టెల్లేని ఇంజన్ రైలెట్లా అవుతుంది? అప్పుడది ఎర్ర బొద్దింక!"

"బొద్దింకా! నా ఇంజన్ బొద్దింకా?"

కోపమొస్తే ముందు మర్యాద పోతుంది. అలా పోయిన 'మీరు' మళ్ళీ తిరిగి రాలేదు.

మర్నాడు షాపత్త వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని, ఇద్దరి గోలా విన్నది.

"పెట్టెలే వెనక్కి తిప్పి పెట్టరా రంపం, గొడవ వదిలిపోద్ది."

"చివరుండే గార్డు పెట్టెకి ఒకవైపే బిళ్ళ అత్తా. వరస తిప్పితే అదొక్కటీ అతక్కుండా మిగిలిపోద్ది."

"అయితే ఎవరో ఒకరు బిళ్ళలు పీకి మార్చండి. ఆదివారం పొద్దున షాపు కొత్తగా తెరుస్తున్నా. గుమ్మం ఎదురుగా బల్ల వేయించా. దాని మీద మీ రైలు, పెట్టెలతో సహా, చుట్టూ తిరగాలి. తిరిగిందా, ఏడాదంతా ఇద్దరూ కలిసి రైళ్ళు చేసివ్వండి. తిరగలేదా, బల్ల మీద ప్లాస్టిక్ కార్లు పెట్టేస్తా. నీ దారి నీది, దీని దారి దీనిది."

అన్నిట్లో ఆ చివరి మాటే రంపం చెవిలో దిగబడిపోయింది.

ఆ వారమంతా బ్యాటరీ రోజూ వచ్చింది. గాడి లోతు చూడాలంటూ ఒకరోజు, వంతెన వాలు చూడాలంటూ ఇంకోరోజు. చూసిన గాడినే మళ్ళీ చూసింది. అతను వంతెన వాలు తగ్గించాడు, ఆమె చక్రాలకి రబ్బరు తొడిగింది. ఒకే గ్లాసులో టీ పోసి సగం సగం చేసుకునేదాకా వచ్చారు. బిళ్ళ మాట ఎత్తితే మాత్రం మళ్ళీ మొదటికే.

"నాది మొత్తం విప్పాలి. మోటరు వెనకుంది బిళ్ళ" అనేది ఆమె.

"నావి ఒక్కోటీ ఉలితో పెకలించాలి. జిగురు వేసినవి" అనేవాడు అతను.

శుక్రవారం నాటికి మాట పెరిగి, "నీకు నీ ఇంజన్ కంటే ఎవరూ ఎక్కువ కాదులే" అనేసి రంపం నోరు మూసుకున్నాడు. మూసుకున్నాడంటే అట్లా ఇట్లా కాదు. వీధిలో గడియారాల టిక్కు టిక్కు మొదటిసారి వినబడింది. కుక్క లేచొచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి, మనిషి బతికే ఉన్నాడా అని తొంగి చూసి వెళ్ళింది. బ్యాటరీ కాసేపు కూర్చుని, చున్నీ కొస మెలిపెట్టి, ఇంజన్ పట్టుకుని వెళ్ళిపోయింది.

శనివారం ఆమె రాలేదు. వాన మాత్రం వచ్చింది. రంపం గుమ్మం వైపు చూశాడు, పట్టాల వైపు చూశాడు. రైలు తిరక్కపోతే ఇక ఈ గుమ్మంలో ఎవరూ తడిసి నిలబడరు. పౌరుషం పట్టుకుని ఏం చేసుకోవాలి, ఊరగాయ పెట్టుకోవాలా?

ఉలి తీశాడు. పెట్టె పెట్టెకీ బిళ్ళలు పెకలించి, తిరగేసి, మళ్ళీ జిగురేశాడు. బొటనవేలి గోరు చీలింది. 'అమ్మా' అన్నది కూడా మెల్లగా అన్నాడు. రేపు బ్యాటరీ మొహం చూడాలి అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

ఆదివారం పొద్దున షాపు ముందు పిల్లలు ఈగల్లా మూగారు. షెడ్డుకి రాని ఈగల కరువంతా అక్కడ తీరింది. రంపం వాళ్ళమ్మ కూడా మంచి చీర కట్టుకొచ్చి నిలబడింది. రంపం పెట్టెలు పట్టుకుని ఏదో దాచుకున్న నవ్వుతో వచ్చాడు. బ్యాటరీ ఇంజన్ పట్టుకుని అచ్చం అలాంటి నవ్వుతోనే వచ్చింది.

"చూస్తూ ఉండు" అన్నాడు.

"నువ్వే చూస్తూ ఉండు" అంది.

అతను పెట్టెలు పెట్టాడు. ఆమె ఇంజన్‌ని వెనక్కి తెచ్చింది.

పెట్టెలు పారిపోయాయి.

ఇద్దరి నవ్వులూ ఒకేసారి రాలిపోయాయి.

"అదేంటి? నేను తిప్పేశాగా!" అన్నాడు రంపం.

"నువ్వు తిప్పావా? నేను తిప్పా!"

"నువ్వెందుకు తిప్పావ్?"

"నువ్వెందుకు తిప్పావ్?"

షాపత్త నెత్తి కొట్టుకుంది. "ఒక్కరు తిప్పితే అతికేవి కదర్రా! ఇద్దరూ తిప్పితే మళ్ళీ మొదటికే వచ్చింది! తగువులాడుకున్నది చాలక, తగ్గడంలో కూడా పోటీయేనా మీకు?"

పిల్లలు మాత్రం గోల గోల. ఇంజన్‌ని పెట్టెల వైపు వెనక్కి తోస్తే, తగలకుండానే వాటిని తరుముతోంది. "ముట్టుకోకుండా తోస్తోంది! మళ్ళీ! మళ్ళీ!"

ఆ గోలలో బ్యాటరీ అతని పక్కకొచ్చింది. చీలిన గోరు చూసింది. "ఎందుకు తిప్పావో చెప్పు" అంది, ఈసారి నెమ్మదిగా.

"రైలు తిరక్కపోతే నువ్వు రావుగా. నువ్వు రాకపోతే నాకు పట్టాలెందుకు, షెడ్డెందుకు?" అని, తలకాయ గోక్కున్నాడు. "మరి నువ్వు?"

"నువ్వు మాట్లాడ్డం మానేశావ్. ఇంటికెళ్తే చెవులు హోరెత్తిపోయాయి, నిశ్శబ్దానికి. మోటరు విప్పుతుంటే నీ గోల లేక స్క్రూలు కూడా తిరగలేదు." చున్నీ కొస మళ్ళీ మెలిపెట్టింది. "నువ్వు అన్నావే, ఇంజన్ కంటే ఎవరూ ఎక్కువ కాదని. ఎక్కువే. రంపంలా చెవులు కోసినా నువ్వు ఎక్కువే."

రంపం చెవుల దాకా నవ్వాడు.

"సరే, ఇప్పుడెవరు మారుస్తారు?" అంది షాపత్త.

"నేను!" ఇద్దరూ ఒకేసారి.

"కాదు, నాది తేలిక."

"నీ మోటరు పాడవుద్ది, నేనే..."

"ఆగండ్రా బాబూ, ఆగండి!" రంపం వాళ్ళమ్మ ముందుకొచ్చింది. ఎప్పుడూ 'షాపమ్మగారూ' అని పిలిచే మనిషి, షాపత్త చెయ్యి పట్టుకుని అంది: "ఒక ఇంట్లో ఒకరు, ఇంకో ఇంట్లో ఒకరు ఉంటే ఇట్లాగే చాటుగా తిప్పుకుంటా ఉంటారు వదినా. ఇద్దర్నీ ఒక కప్పు కింద పెడదాం. ఎవరేం తిప్పారో కళ్ళెదురుగానే కనపడుద్ది."

షాపత్త ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. మేనకోడలి మొహం చూసింది. ఆ మొహం ఇంజన్ రంగులోకి మారిపోయి ఉంది.

"వరస నువ్వే కలిపేశాక నేనేం చెప్పను వదినా! దీని నాన్నకి నేను చెప్తా, నా మాట దాటడు. ఏమే, చూస్తావేం, ఇంజన్ విప్పు. ఒరేయ్ రంపం, నువ్వు స్క్రూలు పట్టుకో. చెయ్యి కదిపావంటే ఊరుకోను!"

బల్ల పక్కన ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. అతను అరచెయ్యి చాచాడు. ఆమె ఒక్కో స్క్రూ తీసి అందులో పెట్టింది. పెట్టిన ప్రతిసారీ వేళ్ళు అవసరం కంటే కాస్త ఎక్కువసేపే ఆగాయి. బిళ్ళ తిరగేసి, స్క్రూలన్నీ బిగించి, ఇంజన్‌ని పట్టా మీద దింపింది.

రంపం పెట్టెల వరస పట్టా మీద పెట్టాడు. ఈసారి పెట్టెల్ని అతను తొయ్యలేదు. అవే ముందుకొచ్చాయి.

టక్.