ఎడమ తలుపు మీది గీతలు

నేను బళ్ళకు రంగులు వేసే ఆ షెడ్డులోకి అడుగుపెట్టేసరికి రేకుల కప్పు మీద మధ్యాహ్నపు ఎండ ఇంకా చిటపటలాడుతూనే ఉంది. థిన్నరు వాసన, తడిసిన సిమెంటు నేల వాసన, మూలన ఫ్యాను కిర్రుకిర్రుమనే చప్పుడు. మధ్యలో మా తమ్ముడి జీపు. కొని ఏడాది నిండలేదు. దాని నిగనిగలాడే నలుపు మీద, ఎడమ వైపంతా, ముళ్ళకంపలు గీరిన తెల్లని చారలు.

రంగుల మేస్త్రి ఒకసారి బండి చుట్టూ తిరిగివచ్చి నవ్వాడు.

"కొండ ఎక్కించారా సార్, పులితో కుస్తీకి దింపారా?"

తమ్ముడు నవ్వలేదు. "సాయంత్రానికి అద్దంలా ఉండాలి," అన్నాడు.

నేను అక్కడికి వెళ్ళినది బండి కోసం కాదు. తెల్లవారుతూనే ఆ జీపులో కొండల వైపు వెళ్ళినవారు ఇద్దరు, వాడూ వాడి భార్యా. తిరిగి వచ్చినది వాడొక్కడే. మా మరదలు ఏదని అడిగితే పనిమనిషికి ఒక మాట, ఫోనులో నాకొక మాట చెప్పాడు.

"అమ్మాయి ఎక్కడరా?" పక్కకు పిలిచి అడిగాను.

"నడిచి వస్తుందిలే అన్నయ్యా."

"ఎక్కడి నుంచి?"

వాడు ఒక గీతను బొటనవేలితో తడుముతూ, ఎవరి సంగతో చెబుతున్నంత తేలికగా చెప్పుకొచ్చాడు. పొదల మధ్య దారి ఇరుకైందట. రంగు పాడవకూడదని ఆమెను దింపి, బండి పక్కనే నడుస్తూ ముళ్ళకొమ్మలను చేతులతో పట్టి తొలగించమన్నాడట. అరచేతులు చీరుకుపోతున్నాయని ఆమె మొరపెట్టుకుందట. చివరకు ఒక కొమ్మను వదిలేసిందట.

"ఆ ఒక్క కొమ్మే తలుపంతా గీకేసింది. సరే, నీ నడక నువ్వు నడువు అని వచ్చేశాను. తెలిసొస్తుంది."

"నీళ్ళయినా ఇచ్చావా?"

"బండిలోనే ఉండిపోయాయి."

ఆ కొండల్లోకి జీపుదారులు లెక్కలేనన్ని. ఏ దారిన వెళ్ళాడో వాడికి తప్ప ఎవరికీ తెలియదు. పోలీసులను పిలుస్తానన్నాను.

"పిలుచుకో. నేను నోరు విప్పితేగా వాళ్ళు వెతికేది! ముందు ఈ తలుపు శుభ్రం కానీ. తరువాత నేనే తీసుకెళ్తాను."

చిన్నప్పటి నుంచీ అంతే. వాడి మొండితనం ముందు ఇంటిల్లిపాదీ తలవంచినవాళ్ళమే.

మేస్త్రి మగ్గుతో తలుపు మీద నీళ్ళు పోశాడు. తడిపితే మాయమయ్యే గీత పైపైదనీ, రుద్దితే పోతుందనీ, తడిలోనూ కనబడేది లోతైనదనీ వివరించాడు. నీళ్ళు జారాయి. తెల్లచారలన్నీ మాయమయ్యాయి.

ఆ చోటనే వేరేవి పైకి తేలాయి.

పొడిగా ఉన్నప్పుడు లేనివి. కొమ్మ గీస్తే గీత పొడవుగా సాగుతుంది. ఇవి సన్నగా వంకర్లు తిరిగి, ఒకదానినొకటి కోసుకుంటూ, అరచెయ్యంత చోటులోనే ముడుచుకుని ఉన్నాయి. లేత ఎరుపులో.

మేస్త్రి మగ్గు కింద పెట్టాడు. "ఇవి ముళ్ళవి కావు సార్," అని గొణిగాడు. "నేను చెయ్యి పెట్టను." చెప్పులు వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

"పిరికి వెధవ," అంటూ తమ్ముడు పాలిష్ డబ్బా అందుకుని తానే రుద్దసాగాడు.

గుడ్డ తగిలిన ప్రతిసారీ తలుపు వెనుక నుంచి ఒక చప్పుడు... పళ్ళ బిగువున ఊపిరి పీల్చినట్టు. స్స్... తలుపు తెరిచి చూశాను. ఖాళీ సీటు. మూత తీయని నీళ్ళసీసా.

"విన్నావా?"

"ఫ్యాను."

ఫ్యాను ఎప్పుడో ఆగిపోయింది.

వెలుతురు తగ్గుతోంది. కొండల్లోనూ తగ్గుతూనే ఉంటుంది. నాకు అదొక్కటే ఆలోచన. "త్వరగా కానీరా," అన్నాను.

వాడు రెండో గుడ్డ నా మీదికి విసిరాడు. "అంత తొందరైతే నువ్వూ పట్టు."

పట్టాను.

రుద్దాను... గీత పలచబడింది. గుడ్డ కింద రేకు వేడెక్కింది... మెత్తబడింది. స్స్... ఇంకా గట్టిగా రుద్దాను. ఎంత త్వరగా పోతే అంత త్వరగా ఆమెను చేరుకోవచ్చు. చప్పుడు మూలుగుగా మారింది. ఆ మూలుగులో ఎక్కడో... "బావగారూ..." అన్నట్టు వినబడింది. నా చేతులు ఆగలేదు.

చివరి గీత పోయింది. మూలుగూ పోయింది.

తమ్ముడు వెనక్కి జరిగి తలుపులో తన ముఖం చూసుకున్నాడు. "పనంటే ఇదీ," అన్నాడు. అప్పుడు జేబులోంచి తాళం తీశాడు.

మేము చేరేసరికి పొదల మీద చీకటి దిగుతోంది. బండి దీపాల వెలుగులో ఆమె దారి అంచున, ఒక రాతికి ఆనుకుని కూర్చుని కనబడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బట్టలు చీలికలు పేలికలు. పాదాల నిండా ముళ్ళు. తమ్ముడు దిగలేదు. కొమ్మలు తగలకుండా బండి ఎలా తిప్పాలా అని అద్దంలో చూసుకుంటున్నాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, గాయాలు చూద్దామని ఆమె చేతిని వెలుగులోకి తిప్పాను.

ముల్లు గీసిన గాటు ఒక్కటీ లేదు. అరచేతిలో రేఖలు లేవు. వేళ్ళ మీద ముద్రలూ లేవు. నున్నగా, దీపం వెలుగు అందులో జారిపోతూ... రుద్దగా రుద్దగా వేడెక్కిన రేకులా వెచ్చగా ఉంది.

నాడి కోసం వెతికాను. చాలాసేపు వెతికాను. దొరకలేదు.

"పోయిందా?" కిటికీలోంచి గుసగుసగా అడిగాడు తమ్ముడు.

తల ఊపాను.

అప్పుడు ఆ చెయ్యి... నా చేతిలోంచి... మెల్లగా తనను తానే వెనక్కి లాక్కుంది.