ఎనిమిది ఖాళీ సీట్లు

విశ్రాంతమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి, ఉల్లిగడ్డల గంప ముందు పెట్టుకుని వంటింట్లో కూర్చుంది. భర్త సంసోను పోయి ఆ రోజుకు ఏడాది. సాయంత్రం ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు అయ్యగారు వస్తారు, సంఘం వాళ్ళు వస్తారు, అందరికీ భోజనం పెట్టాలి. సంసోను పనిచేసిన పాల్వంచ కరెంటు ప్లాంటులోనే కొడుకు షాలేమ్‌రాజుకూ ఉద్యోగం ఉంది కాబట్టి కంపెనీ క్వార్టరు వాళ్ళకే మిగిలింది.

కూతురు బ్లెస్సీ హైదరాబాదు బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చింది.

"వచ్చినవా? కూసో," అంటూ విశ్రాంతమ్మ లేచి ముందుగదిలో కుర్చీ తుడిచి వేసింది. సాసరు పెట్టి కప్పులో కాఫీ ఇచ్చింది. ఆ కప్పు అయ్యగారు వచ్చినప్పుడు తప్ప అల్మారాలోంచి బయటికి రాదు.

బ్లెస్సీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మందాకా వెళ్ళింది. "ఉల్లిగడ్డలు నేను కోస్తనమ్మా."

"వద్దు. నీ బట్టలు కరాబైతయ్."

ఏడాదిగా ఇదే వరస. తిట్టదు, అరవదు. ఫోను చేస్తే "బాగనే ఉన్న, నువ్వెట్లున్నవ్" అని, జవాబు పూర్తిగా వినకుండానే పెట్టేస్తుంది. తిడితే బాగుండునని బ్లెస్సీ ఎన్నోసార్లు అనుకుంది. తిట్టించుకోవడానికైనా కాస్త దగ్గరితనం ఉండాలి కదా.

బ్లెస్సీ పనిచేసేది చిన్న జెట్ విమానాలను కిరాయికి తిప్పే ఒక కంపెనీలో. పెద్ద వ్యాపారులు మీటింగులకో, కుటుంబాలు పెళ్ళిళ్ళకో విమానం మొత్తాన్ని కిరాయికి మాట్లాడుకుంటారు. వాళ్ళకు తిండి, నీళ్ళు అందించి అవసరాలు చూసుకోవడం ఆమె పని. ఎనిమిది సీట్ల విమానంలో ఆ పనికి ఆమె ఒక్కతే. సంసోను మాత్రం షిఫ్టులో అందరికీ "మా బిడ్డ విమానం" అనే చెప్పుకునేవాడు. ఆ మాటను ఆమె ఎప్పుడూ దిద్దలేదు.

నైట్ డ్యూటీ దిగి వచ్చిన షాలేమ్‌రాజు చెల్లెల్ని చూసి తలూపాడు. స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూ విషయం చెప్పాడు.

"సాయంత్రం అయ్యగారు పిల్లల్ని లెవ్వమన్నప్పుడు నేనొక్కణ్నే లేస్త. నీ పేరు ఇయ్యలె."

పోయినవాళ్ళ ఆఖరి రోజు గురించి, సాగనంపిన తీరు గురించి పిల్లలు లేచి నాలుగు మాటలు చెప్పడం వాళ్ళ సంఘంలో ఆనవాయితీ. బ్లెస్సీ ఆ నాలుగు మాటల కోసమే వచ్చింది.

"నేను గూడ చెప్తనన్నా. నాయినకు నేను బిడ్డను కానా?"

"ఏం చెప్తవ్? మట్టేసిననాడు లేనిదానివి. చూడనిది ఏం చెప్తవ్?"

విశ్రాంతమ్మ తల ఎత్తలేదు. కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగకుండా సాగుతూనే ఉంది.

అంతలో పక్క క్వార్టరు బుల్లెమ్మ అన్నం వండే గుండిగ ఇవ్వడానికి వచ్చింది. "ఏం బ్లెస్సమ్మా, బస్సుల వచ్చినవా? ఈసారైన జెట్ గ్రౌండుల దిగుతదనుకుంటిమి," అని నవ్వి, గుండిగ దించి వెళ్ళిపోయింది.

కత్తిపీట చప్పుడు ఆగింది.

"గ్రౌండేంది?" అంది బ్లెస్సీ.

"ఏందో నీకు తెల్వదా?" షాలేమ్‌రాజు తువ్వాలు కుర్చీ మీద పడేశాడు. "విమానం ఎక్కిన అని మెసేజ్ పెట్టినవ్ గద. అమ్మ మన కాలనీ రవికుమార్ ఆటోను ప్లాంటు గ్రౌండుకు తోలింది, మంత్రుల హెలికాప్టర్ దిగుతదే, ఆడికి. నువ్వు దిగుడుతోనే ఎక్కిచ్చుకొని రమ్మన్నది. వాడు పొద్దుగూకేదాక మొగులు దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఎండలు మండుతున్నయ్, ఫ్రీజర్ పెట్టె దొరకలె. అయ్యగారు ఇగ ఆగొద్దన్నా, మా బిడ్డ విమానంల ఉందని అమ్మ పెట్టె మూయనియ్యలె. తెల్లారినంక కాలనీ అంత నవ్విండ్రు."

బ్లెస్సీ కప్పు కింద పెట్టింది. "అది ఇటు వచ్చే విమానం కాదన్నా."

"మరి ఎటు పోయింది?"

"ఢిల్లీకి. పెండ్లోళ్లను ఉదయపూర్ల దించి ఫోన్ ఆన్ చేస్తే నీ మెసేజ్ ఉంది. ఢిల్లీల ఇంకో కుటుంబం ఎక్కాలె, అక్కడిదాక విమానం ఖాళీగ పోవాలె. కెప్టెన్‌కు చెప్పిన. ఆయన ఆఫీసుకు ఫోన్ చేసిండు. ఢిల్లీల వేరే అమ్మాయిని పెడ్తం, నువ్వు దిగిపో అన్నరు. విమానం ఎక్కిన అని పంపి, ఢిల్లీల మామూలు విమానం పట్టుకొని వస్తనని రాస్తుంటే తలుపేసిండ్రు, సిగ్నల్ పోయింది. సగమే వచ్చినట్టుంది మీకు."

"ఇటు తిప్పమనకపోయినవా?"

"ఎవల విమానమన్నా అది? కిరాయి కట్టినోళ్లది."

వంటింట్లోంచి విశ్రాంతమ్మ గొంతు వినిపించింది.

"నీతోటి ఎవలున్నరు?"

ఏడాదిలో తల్లి జవాబు కోసం ఆగిన మొదటి ప్రశ్న అది.

"ఎవల్లేరమ్మా. పైలట్లు ముందట తలుపేసుకొని ఉంటరు. ఎనకాల నేనొక్కదాన్నే."

"ఏం చేసినవ్?"

"వచ్చేటోళ్ల కోసం సీట్లు తుడిచిన. దిండ్లు సరిచేసిన. గ్లాసులు కడిగిన. ఇంక పని లేకుండ పోయింది. తలుపు పక్కన మాకు మడత సీటుంటది, దాంట్ల కూసున్న."

"గన్ని సీట్లు ఖాళీగుంటే?"

"సర్దిన సీట్లమ్మా. కూసుంటే ముడత పడ్తది." బ్లెస్సీ తువ్వాలు పక్కకు జరిపి కుర్చీలో కూర్చుంది. "ఢిల్లీల దిగి ఫోన్ చేస్తే అన్న 'అయిపోయింది' అని పెట్టేసిండు. తర్వాత మీరెవ్వరు అడగలె. నాయిన అందరికి నా విమానమని చెప్పుకునె. నాది కాదని ఎట్ల చెప్పాలె?"

ఇన్నాళ్ళూ విశ్రాంతమ్మ ఆ విమానాన్ని వేరేగా ఊహించుకుంది. మెత్తటి సీట్లు, గొప్పవాళ్ళ నవ్వులు, వాళ్ళ మధ్య ఇల్లు మరిచిన కూతురు. ఇప్పుడు ఖాళీ సీట్ల పక్కన ఒక మడత సీటు కనబడింది. ఆ రోజు ఈ ఇంట్లో కాలు పెట్టడానికి సందు లేదు. తనను ఒకరు పట్టుకుంటే ఇంకొకరు నీళ్ళు తాగించారు. నవ్విన బుల్లెమ్మే తన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అదే సమయంలో తన బిడ్డ భుజం మీద ఒక్క చెయ్యీ లేదు.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి కూతురి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "దిగు. కింద కూసో," అంది. బ్లెస్సీ కుర్చీ దిగి పక్కన కూర్చుంది.

"పొద్దుగాల చాయ్ తాగిండు," అని మొదలుపెట్టింది విశ్రాంతమ్మ. "చక్కెర తక్కువైందన్నడు. ఏసుకొచ్చేలోపల గోడకు ఒరిగిండు. పానం పోయిందని నాకు జరసేపు తెల్వలె, చక్కెర కలుపుతనే ఉన్న. మీ అన్న, మీ నాయిన షిఫ్టుల పనిచేసే సంపత్ నీళ్లు పోసిండ్రు. తెల్లచొక్కా తొడిగినం. మెడ కాడ బిగుసుకుంటే పై గుండీ పెట్టొద్దన్న. ఊపిరాడదు గద అన్న. అందరు నా మొఖం చూసిండ్రు."

బ్లెస్సీ తల తల్లి భుజం మీద వాలింది. ఏడాది నుంచి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. విశ్రాంతమ్మ ఊరుకోమనలేదు. కూతురి వీపు మీద చెయ్యి వేసి చెబుతూనే పోయింది. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏమన్నారో, ఒక్కటీ వదలలేదు.

"పాట గూడ తప్పెత్తుకున్నరు," అన్నాడు షాలేమ్‌రాజు గుమ్మం దగ్గర నుంచి. "నాయిన ఉంటే మధ్యలనే ఆపుతుండె." చెల్లెలి పక్కకు వచ్చి, "సాయంత్రం నువ్వే ముందు లెవ్వు, చెల్లే. అయ్యగారికి నేను చెప్తపో," అన్నాడు.

"ఆగురా," అంది విశ్రాంతమ్మ. "ముచ్చటల ఇంక ఇంట్లనే ఉన్నం. దాన్ని సమాధికాడిదాక తీస్కపోనియ్యి."