పడవ మీద అరచేయి

“ఇది మా పడవేనా, సున్నం కొట్టిన గోడా?”

వెనక నుంచి వినిపించిన మాటకు అద్దం ఉలిక్కిపడి బఫింగ్ మిషన్ ఆపాడు. అద్దం అంటే గోడకు తగిలించేది కాదు, నిక్షేపంలాంటి మనిషే. అతను మెరుగు పెట్టిన పడవలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని పడవల యార్డులో అందరూ అలాగే పిలుస్తారు.

వెనక్కి తిరిగితే, రేకుల పందిరి అంచున, గొడుగు కింద ఒకమ్మాయి. కళ్లజోడు మీద వాన చినుకులు, వాటి వెనక బోలెడంత కోపం.

“మీదేనండీ. ఉప్పుగాలికి పైపూత ఎండిపోయింది. చెయ్యి పెట్టి చూడండి, సుద్దముక్కలా అంటుకుంటుంది.”

“అందుకేగా మీకిచ్చింది! ఇచ్చి ఎన్నాళ్లయింది?”

“నిన్ననే ఇచ్చారు.”

ఆమె ఒక్క క్షణం తడబడింది. “సరే, నిన్నంటే మాత్రం తక్కువా?”

అతను ఫక్కున నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది గానీ పెదవి కొరికి ఆపుకుంది. ఆ ఆపుకోవడం దగ్గరే మన అద్దం పనయిపోయింది, పాపం.

కళ్లజోళ్ల షాపులో ఉద్యోగమట. యార్డుకి, దాని పక్క రేవుకి ఎదురిల్లే వాళ్లది. పై కిటికీలో ఒక ముసలావిడ కదలకుండా కూర్చుని ఇటే చూస్తోంది.

“మా అమ్మమ్మ. తాతయ్య పోయినప్పటి నుంచి అంతే. పొద్దస్తమానం ఈ పడవనే చూస్తుంది. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. ఇది కళ్ల ముందు నుంచి పోతే గానీ తను బతకదండీ. ఆదివారం కొనేవాళ్లొస్తారు, తళతళలాడితేనే తీసుకుంటారట.”

“ఆదివారానికి మెరిపిస్తాను,” అన్నాడతను. అన్నాక గుర్తొచ్చింది, పని అయిపోతే ఈ అమ్మాయి మళ్లీ రాదని.

ముందు మంచినీళ్లతో ఉప్పంతా కడిగాడు. గరుకు ముద్దలాంటి రబ్బింగ్ కాంపౌండ్ రాసి, మిషన్ని ఒకచోట నిలపకుండా తిప్పాడు. నిలిపితే పూత కాలిపోతుంది. ఆ తర్వాత పాలిష్, ఆ పైన వ్యాక్స్. పడవ ఎక్కే చోట, అంచు కింద, కిటికీ అంత మేర మెరిసింది. అలవాటుగా ముఖం దగ్గర పెట్టి చూసుకున్నాడు. పని చూడ్డానికొచ్చిన ఆమె కూడా వంగింది.

“ముక్కు బాగానే కనబడుతోంది.”

“ఎవరిది?”

“మీదే. కాస్త పెద్దది.” అంటూనే ఆమె ఆగిపోయింది. “మన వెనక ఎవరండీ?”

ఇద్దరూ గిరుక్కున తిరిగారు. వాన తప్ప ఎవరూ లేరు.

“వాన మసకలెండి,” అన్నాడతను. మళ్లీ ఒకసారి వెనక్కి మాత్రం చూశాడు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఆ మెరుపు మధ్యలో ఒక అరచేయి. తెల్లగా, మసకగా, వేళ్లతో సహా.

ఉప్పు పూర్తిగా పోలేదనుకుని మళ్లీ కడిగాడు, మళ్లీ రుద్దాడు. పోయింది. తెల్లారితే అదే చోట, అదే చేయి. స్టీలు కడ్డీల మీద తుప్పు మరకలన్నీ పోయాయి, పడవ ఒళ్లంతా అద్దమైంది. ఆ ఒక్క చోటే వదలడం లేదు. తడిగుడ్డ వేస్తే చుట్టూ చల్లగా ఉండేది, అరచేయి మాత్రం వెచ్చగా తగిలేది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే యార్డంతా ఆటపట్టిస్తుంది.

ఆమె మాత్రం రోజూ భోజనాల వేళకి ఠంచనుగా వచ్చేది. శనివారం వచ్చి మండిపడింది.

“నాకు తెలుసులెండి. పని సాగదీయడానికి మీరే చెయ్యి అద్దుతున్నారు.”

“నేనా? మీరే వచ్చి పెడుతున్నారనుకున్నాను!”

“నేనా! వేలిముద్ర కనబడితే తుడిచేదాకా నిద్రపట్టదు నాకు. మీకే ఏదో సాగదీయాలని ఉంది.”

అతనికి చురుక్కుమంది. పని అవ్వకూడదని లోలోపల కోరుకున్న మాట నిజమే మరి. “ఉంది. మీరు రోజూ రావాలని ఉంది. కానీ ఆ చెయ్యి నాది కాదు. కావాలంటే కొలుచుకోండి.”

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. “ముందు నాది,” అని తన అరచేతిని అతని అరచేతికి ఆనించింది. అతని వేళ్లు పొడవు. ఇద్దరూ అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే కొలుచుకున్నారు. ఆ తర్వాత అతను బొటనవేలిని బట్టి అది ఎడమ చెయ్యని పోల్చుకుని, తన ఎడమ చేతిని మరక మీద పెట్టాడు. మరక వేళ్లు అతని వేళ్లను దాటిపోయాయి. దాని చిటికెన వేలు పక్కకి వంకరగా ఉంది.

ఆమె చేతిలోంచి గొడుగు జారిపోయింది.

“తాతయ్యది,” అంది. “తాడు బిగుసుకుని ఆ వేలు విరిగింది. సరిగ్గా అతకలేదు.”

“చెరిపెయ్యనా?” అని అతను అడిగితే ఆమె అడ్డంగా తలూపింది. “అమ్మమ్మని తీసుకొస్తాను.”

అమ్మమ్మ మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా వచ్చింది. మరక చూసి ఆశ్చర్యపోలేదు. తన అరచేతిని దాని మీద ఆనించి, చలిమంట కాచుకున్నట్టు అలాగే ఉంచింది.

“రోజూ ఇలాగే. ఎడం చెయ్యి ఇక్కడ ఆనించి, కుడిచెయ్యి నాకిచ్చి ‘ఎక్కవే’ అనేవాడు. నాకంటే ముందు ఏనాడూ ఎక్కలేదు.” ఆవిడ ఆ వంకర వేలిని మెల్లగా తడిమింది. “ఆ రోజు అలిగి రానన్నాను. నేనొస్తే గానీ ఎక్కనని రేవులో పడవకి ఇక్కడే చెయ్యి ఆనించి నిలబడ్డాడు. దిగొచ్చేసరికి కూలిపోయి ఉన్నాడు. ఇక ముద్ద నాకెలా దిగుతుందే తల్లీ?”

మనవరాలు అమ్మమ్మని వాటేసుకుని ఏడ్చేసింది. కిటికీలోంచి ఆవిడ చూస్తున్నది పడవని కాదని ఆమెకి అప్పుడు తెలిసింది.

అద్దానికి ఏం చెయ్యాలో తోచలేదు. తోచకే ఎడమ చేతిని ఆ మరక మీద ఆనించి, కుడిచేయి చాపాడు. “ఎక్కండి అమ్మమ్మగారూ.”

ఆవిడ చెక్కమెట్టు మీద కాలు పెట్టి చేయి ముందుకు చాపింది. అది అతని చేతికి అందనే లేదు. గాలిలోనే ఆగి, ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకుంది. నడుం నొప్పి మనిషి, తూలకుండా, తడబడకుండా, చెంగున ఎక్కేసింది.

అతని అరచేతి కింద వెచ్చదనం చల్లారిపోయింది. చేయి తీసి చూస్తే అక్కడ అద్దంలాంటి మెరుపే. అందులో అతనూ, ఆమే. వెనక ఎవరూ లేరు.

“ఏమే,” లోపలినుంచి అమ్మమ్మ గొంతు. “రేపొచ్చేవాళ్లని రావద్దని చెప్పు. తినడానికేమైనా పట్రా, ఆకలేస్తోంది.”

ఆమె తడి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అతన్ని చూసింది. అతని కుడిచేయి ఇంకా చాపే ఉంది.

“ఇంకా నిలబడ్డారేం?”

“మీరెక్కుతారని.”

“ఎక్కకపోతే?”

“ఎక్కేదాకా ఇక్కడే...”

“నోర్ముయ్!” ఆమె చటుక్కున అతని చేయి పట్టుకుంది. “ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ఎక్కుతున్నాను. నువ్వూ ఎక్కు.”

మీరు కాస్తా నువ్వు అయినందుకు అతను గాల్లో తేలుతూ ఎక్కాడు. అమ్మమ్మ వాళ్ల చేతులకేసి చూసి, “బావుంది, వదలకండి,” అంది. తర్వాత బల్ల మీద ఒక మనిషికి చోటు వదులుతూ కాస్త పక్కకి జరిగింది.

వాళ్లిద్దరూ ఆ చోట కూర్చోకుండా ఎదురు బల్ల మీద కూర్చున్నారు.