కరెంటు పోయినప్పుడు వచ్చే మనిషి

ఆ ఇంట్లో ఖాళీ గదిలో లైటు వెలగడమన్నది పెద్దాయన పోయాకే మొదలైంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరైనా గది దాటడం ఆలస్యం, వెనకాల స్విచ్చు టక్కుమనేది. ఒక్కోసారి లోపల ఇంకా మనిషి ఉండగానే. కోడలు చీకట్లో జారవిడిచిన గిన్నెలకు లెక్కలేదు. పిల్లికి బిచ్చం వెయ్యడని చుట్టాలు చాటుగా చెప్పుకున్నారు. వీధి పిల్లలకు ఆ మొహమాటం కూడా లేదు, చీకటి తాత అని పేరే పెట్టేశారు.

అలాంటి మనిషి యుద్ధానికి వెళ్ళొచ్చాడంటే ఎవరికీ నమ్మబుద్ధయ్యేది కాదు. "అక్కడ ఏం చేశావు తాతయ్యా?" అని మనవరాలు ఎప్పుడడిగినా ఆయనది ఒకటే జవాబు. "లైటు వేసేవాణ్ణి." ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వేవారు. అక్కడ వేసినవాటికి బదులుగా ఇక్కడ ఆర్పుతున్నాడు కాబోలని కొడుకు ఎగతాళి చేసేవాడు.

ఆ కొడుకు ఫోటోగ్రాఫర్. బజారులో సొంత స్టూడియో ఉంది. అది తెరిచిన రోజున తండ్రి గుమ్మం దాకా వచ్చి, లోపల లైట్లన్నీ ఒక్కసారిగా వెలగగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పదిమంది ముందు కొడుక్కి తల కొట్టేసినట్టయింది. ఆ ముల్లు అలాగే ఉండిపోయింది. పోయినేడు ఆయన కన్నుమూస్తే గోడకు తగిలించడానికి ఒక్క ఫోటో దొరకలేదు. ఊరందరి ముఖాలూ తీసినవాడి ఇంట్లో కన్నతండ్రి ముఖం లేదు.

మనవరాలికి అదే పట్టుకుంది. తాత ఏ దళంలో పనిచేశాడో తెలుసుకోవాలని కనపడిన సైనిక కార్యాలయానికల్లా రాసింది, మాజీ సైనికుల సంఘాలకు ఫోన్లు చేసింది. చివరికి తాత పక్కనే పనిచేసిన ఒక ముసలాయన ఇంకా బతికే ఉన్నాడని తేలింది. ఈ ఉదయం ఆయన ఫోన్ చేస్తానన్నాడు.

"కాసేపుండి వెళ్ళు నాన్నా. నువ్వూ విందువుగాని," అంది అమ్మాయి.

"ఏం వినాలి? మీ తాత ఎక్కడెక్కడ బల్బులు మార్చాడోనా?" అంటూనే అతను టీ గ్లాసుతో కూర్చున్నాడు. కిటికీ పక్కన అతని తల్లి ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

ఫోన్ మోగింది. ముసలాయనకు చెవులు సరిగా వినపడవు కాబోలు, గట్టిగా మాట్లాడుతున్నాడు.

"మీ తాతది పెద్ద లైటమ్మా, మనిషంత ఎత్తు. రాత్రిపూట శత్రువు విమానం వస్తే దాన్ని ఆ వెలుగులో పట్టి ఉంచాలి. కొట్టేవాళ్ళు కొడతారు. నేను జనరేటర్ చూసేవాణ్ణి. మీ తాత చెయ్యి ఎంత నిలకడంటే, ఆయన పట్టాక ఏ విమానమూ తప్పించుకున్నది లేదు."

కొడుకు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒక రాత్రి దారి తప్పి మన విమానమే ఒకటి వచ్చింది. మనదని మాకు తెలీదు. లైటు వెయ్యమన్నారు, వేశాడు. కూల్చారు. అందులోంచి ఒక కుర్రాడు పారాచ్యూట్‌తో దూకాడు. కిందికి వస్తుంటే చూశాం, మనవాడే. చేతులు ఊపుతున్నాడు. తుపాకులవాళ్ళు అది తెలీక కాలుస్తూనే ఉన్నారు. లైటు ఆర్పితే బతికేవాడేమో. పైవాళ్ళు చెప్పకుండా ఆర్పే హక్కు మాకు లేదమ్మా. మీ తాత స్విచ్చు మీద చెయ్యి పెట్టుకుని 'ఆర్పమంటారా, ఆర్పమంటారా' అని అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు. చివరికి చెప్పేసరికి ఇక ఆర్పినా ఒకటే, ఆర్పకపోయినా ఒకటే."

ఫోన్ పెట్టేశాక కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె చేతులు మడత పెడుతూనే ఉన్నాయి.

"అమ్మా, నీకిది ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"తెలిసీ ఇన్నేళ్ళు నోరు మెదపలేదా? నా పనంటే ఆయనకి చిన్నచూపనుకున్నాను. నన్ను చూసి సిగ్గుపడి వెళ్ళిపోయాడనుకున్నాను. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"అత్తయ్య మీద అరవకండి," అంది భార్య వంటగదిలోంచి వస్తూ.

"అరవనీ అమ్మా. వాడి కడుపుమంట వాడిది," అంది తల్లి. "చెప్తానని ఎన్నిసార్లన్నానో రా. ఆయనే చెప్పనివ్వలేదు. 'వాడి బతుకంతా లైట్లతోనే. ఇది వింటే స్విచ్చు నొక్కినప్పుడల్లా ఆ కుర్రాడే గుర్తొస్తాడు. నాకు వణికినట్టే వాడికీ చెయ్యి వణుకుతుంది. పిసినారి తండ్రి అనే అనుకోనీ, పోయిందేముంది' అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు."

అతను వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అయినా వెళ్ళిపోయాడంటావేం? నీ స్టూడియోకి వచ్చేవాడుగా. కరెంటు పోతే చాలు, చెప్పులేసుకుని బయల్దేరేవాడు. కాసేపు వాడి దగ్గర కూర్చునొస్తానే అని. తర్వాతెందుకో మానేశాడు. అడిగితే మోకాళ్ళ నొప్పులన్నాడు."

కరెంటు పోగానే తలుపు తోసుకుని వచ్చే తండ్రి కొడుకు కళ్ళముందు కదిలాడు. కస్టమర్లు కూర్చునే చెక్క బల్ల మీద ఓ చివర కూర్చుని, గుమ్మంలోంచి పడే వెలుగులో గోడ మీది ఫోటోలు ఒక్కొక్కటే చూస్తూ "ఇది బాగా తీశావురా" అనేవాడు. ఒకరోజు పని ఆగిపోయిన చిరాకులో తనే నోరు పారేసుకున్నాడు. "కరెంటు పోయినప్పుడే దిగబడతావేం నాన్నా? నా పని ఎప్పుడు ఆగుతుందా అని కాచుక్కూర్చుంటావా?" తండ్రి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

"మోకాళ్ళ నొప్పులు కాదమ్మా," అన్నాడు. ఆ రోజు తను అన్నది చెప్పి తల్లి ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మడత పెట్టిన బట్టలన్నీ చెదిరిపోయాయి.

"నాక్కూడా చెప్పలేదురా ఈ మాట," అంది ఆమె అతని తల నిమురుతూ. "నీమీద నాకు చాడీ చెప్పడం ఆయనకి ఇష్టముండదు."

మధ్యాహ్నం అతను తల్లిని స్టూడియోకి తీసుకెళ్ళాడు. నీ ఫోటో అయినా సరిగ్గా తియ్యనీ అన్నాడు. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాడు. వెనక తలుపుకున్న నల్ల తెర లాగేసి రెండు తలుపులూ తెరిచాడు. ఎండ పలచగా లోపలికొచ్చింది.

"లైట్లు లేకుండా ఫోటో వస్తుందట్రా?"

"వస్తుందమ్మా. ఈ వెలుతురు చాలు."

అన్నాక ఆ మాట అతనికే తగిలింది. అప్పుడూ తెర వెనక ఈ వెలుతురు ఉంది. ఈ బల్ల మీద ఆయన ఉన్నాడు. కెమెరా చేతికందే దూరంలో ఉంది. ఆ తెర ఒక్కసారి తీసి ఉంటే సరిపోయేది.

"ఏరా, తియ్యవేం?"

"తీస్తాను. కాస్త పక్కకి జరుగమ్మా."

ఎందుకని అడక్కుండానే ఆమె జరిగింది, ఒక మనిషి కూర్చునేంత. అతను ఆ ఖాళీతో సహా ఫోటో తీశాడు.