ఇంటికో ఇటుక

చలి మొదలైందంటే అమ్మమ్మ పక్క మీద ఉండలేదు. ఆ శనివారం కూడా అందరికన్నా ముందే లేచి, శాలువా చెవుల మీదుగా చుట్టుకుని, ఓ చేత్తో చీపురు, ఓ చేత్తో తడిగుడ్డ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. పెరటి గోడకి మనిషి దూరేంత ఎడంగా ఇటుకలతో కట్టిన చలిపొయ్యి ఉంది. వంటకి కాదు, చలి కాచుకోవడానికి. మనిషెత్తుకు పైగా పొగగొట్టం, దాని కింద ఇద్దరు పిల్లలు దూరి దాక్కునేంత నోరు. నిన్నటి బూడిదంతా ఎత్తి, ఒక్కో ఇటుకనీ పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. తళతళలాడితే గానీ ఆవిడకి మనసు కుదుటపడదు.

ఆ పొయ్యి కట్టింది ఆవిడ భర్త. అందరూ ఆయన్ని మేస్త్రి అనేవారు, ఆవిడా అలాగే అనేది. బతుకంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో చలిపొయ్యిలు కట్టిన మనిషి. పని అయిపోయాక ఆ ఇంటివాళ్ళని అడిగి, మిగిలిన ఇటుక ఒక్కటి సంచిలో వేసుకొచ్చేవాడు. "రెండు పట్టుకుపో మేస్త్రీ" అన్నా వినేవాడు కాదు, ఇంటికి ఒకటే. అలా ఏళ్ళ తరబడి పోగేసి, కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడు తన పెరట్లో ఈ పొయ్యి లేపాడు. అందుకే దీంట్లో ఏ ఇటుకకీ పక్క ఇటుకతో రంగు కలవదు. ముదురెరుపుది పళ్ళ డాక్టరుగారిది. నల్లగా కాలినట్టున్నది రొట్టెల బట్టీవాళ్ళది. అంచు విరిగిన పసుపుది, పెళ్ళైన వారానికే మొగుడి మీద అలిగి వచ్చేసి, ఇదే పొయ్యి ముందు కడుపారా ఏడ్చి, మర్నాడు నవ్వుకుంటూ తిరిగెళ్ళిపోయిన టైలరమ్మది. అమ్మమ్మ చదువు రెండో తరగతితో సరి. కానీ ఈ ఇటుకల్ని మాత్రం ఏ మూల నుంచి అడిగినా గడగడా అప్పజెప్పేస్తుంది.

మేస్త్రి పోయి ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో పొయ్యి మీద పరాయి చెయ్యి పడనివ్వలేదావిడ. చలికాలం ప్రతి సాయంత్రం తనే వెలిగిస్తుంది, తనే కూర్చుంటుంది. మొదట్లో ఇల్లంతా వచ్చి చుట్టూ చేరేది. ఇప్పుడు ఎవరూ రారు.

"అమ్మా, మళ్ళీ అక్కడే ఉన్నావా? టీ చల్లారిపోతోంది!" వంటింట్లోంచి కూతురు కేకేసింది.

కూతురు బస్సు డిపోలో టైమ్ టేబుళ్ళు వేస్తుంది. ఏ మాటైనా నిమిషాలు చూసుకుని మాట్లాడుతుంది. అమ్మమ్మ వచ్చి బల్ల ముందు కూర్చుందో లేదో చెప్పేసింది.

"పది గంటలకి హీటర్ల దుకాణం నుంచి ఒకావిడ వస్తోంది. వసారాలో గ్యాస్ హీటరు ఎక్కడ పెట్టాలో చూసి వెళ్తుంది. సోమవారం తాపీవాళ్ళు వస్తారు."

"తాపీవాళ్ళెందుకే?"

కూతురు రొట్టె ముక్కకి వెన్న రాస్తూ తలెత్తలేదు. "పొయ్యి తీసేయడానికి."

అమ్మమ్మ చేతిలో గ్లాసు బల్ల మీద టక్కుమంది. అల్లుడు గభాలున లేచి గుడ్డ అందుకున్నాడు. ఇద్దరి మధ్యా నలగడంలో ఆరితేరినవాడు.

"అత్తయ్యా, ముందు ఈ బొమ్మలు చూడండి" అంటూ రంగుల కాగితం ఒకటి ముందుకి జరిపాడు. "ఇది గొడుగులా నిలబడేది. ఇది గోడకి తగిలించేది, కరెంటుది. ఇదేమో బల్లలా ఉండి మధ్యలో మండేది. మీకు ఏది నచ్చితే అది."

"ఇనప గొడుగు కింద కూర్చోవడానికి నేనేమన్నా వానలో తడుస్తున్నానా బాబూ?"

"పొగ రాదత్తయ్యా."

"మంటే లేకపోతే పొగెక్కడ వస్తుంది! మీ నాన్న మీద కోపం పొయ్యి మీద చూపిస్తున్నావుటే?" చివరి మాట కూతురి మీదకి తిరిగింది.

"నాన్న మీద నాకెందుకమ్మా కోపం?" కూతురు చాకు కింద పెట్టింది. "బొంగరం సంగతి నీకు తెలియదా?"

బొంగరం అంటే మనవరాలు. తొమ్మిదేళ్ళు. ఒక్క చోట నిలవదు గనక తాతే ఆ పేరు పెట్టి పోయాడు. పోయిన నెలలో ఒక సాయంత్రం పెరటి కిటికీ దగ్గర బొమ్మ వేసుకుంటూ కూర్చున్న పిల్ల, ఉన్నట్టుండి ఊపిరందక మంచమ్మీద ఒరిగిపోయింది. రెండు రోజులు ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం పెట్టుకుని ఉంది. పొగ తగలకూడదన్నాడు డాక్టరు. అమ్మమ్మ కట్టెల మీద నెపం పెట్టింది, గాలి మీద పెట్టింది. ఓ పది రోజులు వెలిగించకుండా ఊరుకుని, కిటికీ మూయించి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఎండిన కట్టెలు తెస్తానన్నాగా" అంది ఇప్పుడు, గొంతు తగ్గించి.

"ఏడాదిగా ఎండినవే వాడుతున్నావమ్మా. నేనే కొనుక్కొచ్చాను."

పదింటికి వచ్చిన ఆవిడ నలభై ఏళ్ళ మనిషి, జడలో పెన్సిలు, నడుముకి టేపు. వచ్చీ రాగానే వసారా కప్పు ఎత్తు కొలిచింది.

"గొడుగు హీటరు పెట్టాలంటే పైన ఇంకా ఖాళీ ఉండాలండీ. ఈ కప్పు కింద వద్దు, పెచ్చులూడుతుంది. బయట నాపరాళ్ళ మీద పెట్టుకోండి, మూడు పక్కలా గాలాడాలి. పిల్లలున్న ఇల్లు కాబట్టి, పక్కకి ఒరిగితే దానంతటదే ఆరిపోయేది తీసుకోండి."

"దానికి సేవ ఏమీ అక్కర్లేదా?" అమ్మమ్మ గడప మీంచే విసిరింది. "పెట్టింది మొదలు అదే చూసుకుంటుందా?"

"అబ్బే, సేవ లేనిదేముంది పెద్దమ్మా! సిలిండరు మార్చినప్పుడల్లా గొట్టానికి సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. వేసవిలో కవరు కప్పాలి. లేకపోతే సాలెపురుగులు బర్నరు గొట్టంలో కాపురం పెడతాయి. నిప్పుతో పని చేసేది ఏదైనా లోపల శుభ్రంగా ఉండాలి, పైన మెరిస్తే చాలదు."

ఆ మాటకి అమ్మమ్మకి కొంచెం మనిషి నచ్చింది. కానీ కూతురు "ఆ పొయ్యి స్థలంలో పెడితే సరిపోతుందా?" అని అడిగేసరికి ఆ నచ్చడం కాస్తా ఎగిరిపోయింది. గబగబా నడిచి వెళ్ళి, మోడా లాక్కుని పొయ్యికి అడ్డంగా కూర్చుంది.

"కొలవండి, కొలవండి. నన్ను కూడా కలిపి కొలవండి. సోమవారం ఇద్దర్నీ కలిపి తవ్వి పారేయొచ్చు."

"అమ్మా, బయటివాళ్ళ ముందు..."

"ముప్పై ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఇంటికొస్తే, నా కోసం మంట వేసి పెట్టి ఉంచేవాడే! చేతులు కొంకర్లు పోయి వచ్చేదాన్ని. 'ముందు కాచుకో, తర్వాతే మాటలు' అనేవాడు. ఆ మనిషి పోయాక నాకు మిగిలింది ఇదొక్కటే. దీన్ని కూడా పోగొడతానంటావా?"

"నా కూతురి ఊపిరి కన్నా ఆ ఇటుకలు ఎక్కువా నీకు?"

మాట జారాక కూతురే బిత్తరపోయింది. వసారాలో అల్లుడు నేలకేసి చూస్తున్నాడు. అద్దాల తలుపు వెనకాల బొంగరం ముక్కు అద్దానికి ఆనించి నిలబడి ఉంది. ఆ ప్రశ్న తనని తాను ఎన్నిసార్లు అడగకుండా తప్పించుకుందో అమ్మమ్మకే తెలుసు.

దుకాణం ఆవిడ ఇబ్బందిగా పక్కకి తప్పుకుని, పొయ్యి వెనక్కి వెళ్ళి పొగగొట్టం తడిమి చూడసాగింది. కాసేపటికి తల బయటపెట్టింది.

"పెద్దమ్మా, పనితనం చాలా గొప్పగా ఉంది. ఇలాంటిది పొగ చిమ్మకూడదే! ఇంతకీ మసి ఎక్కణ్ణుంచి తీస్తారు?"

"మసా? రోజూ బూడిదెత్తి తుడుస్తున్నాను."

"అది ముందు భాగం. గొట్టం మొదట్లో లోపల అరుగులాంటిది కడతారు. పైనుంచి రాలే మసి అక్కడ చేరుతుంది. దాన్ని తీయడానికి వెనక నుంచి దారి వదలాలి. ఇంత పని తెలిసిన మేస్త్రి వదలకుండా ఉండడు. ఇక్కడ ఈ ఒక్క ఇటుక చుట్టూ సిమెంటు వేరేగా ఉంది, చూడండి. ఎవరో తర్వాత పూశారు."

అమ్మమ్మ మోడా మీంచి మెల్లగా లేచింది. వెనక్కి వచ్చి ఆ ఇటుకని చూసింది.

"నేనే" అంది.

మేస్త్రి పోయిన ఏడాది అది. వెనకాల తుడుస్తుంటే ఒక ఇటుక చేతికి కదిలింది. ఆవిడ గుండె తరుక్కుపోయింది. ఆయన పనిలో ఇటుక కదలడమా! ఎవరైనా చూస్తే మేస్త్రికి ఎంత అప్రతిష్ఠ! ఎవరికీ చెప్పకుండా, ఆయన తాపీతోనే, ఆయన దగ్గర చూసి నేర్చుకున్న పాళ్ళలోనే సిమెంటు కలిపి, చుట్టూ నిండుగా కూరింది. పూర్తయ్యాక "నీ పరువు కాపాడానయ్యా" అని గోడకి చెప్పుకుంది కూడా.

"నాకు తెలియదే!" అమ్మమ్మ ఆ ఇటుక మీద చెయ్యి వేసింది. "ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మసి తీయడం నేను ఒక్కసారీ చూడలేదు."

"చూడకూడదనే చేసేవాడమ్మా."

అన్నది కూతురు. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"నువ్వు పనికెళ్ళాక, నేను బడి నుంచి మధ్యాహ్నం వచ్చినప్పుడు తీసేవాడు. నెలకోసారి. నేను బాల్చీ పట్టుకునేదాన్ని. 'అమ్మ రోజంతా ఎవరెవరి మురికో వదలగొట్టి వస్తుంది. ఇంట్లో కూడా దాని కంట మసి పడితే ఏం న్యాయం' అనేవాడు. పెరడంతా కడిగి, నా చేతులు సబ్బుతో రుద్ది, నువ్వొచ్చే వేళకి మంట వేసేవాడు. నాన్న పోయాక నువ్వు నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వలేదు. ఆ సంగతి నీకు చెప్పే ఉంటాడు, నువ్వే తీసుకుంటున్నావు అనుకున్నాను. ఒక్కసారి అడిగి ఉంటే..."

అమ్మమ్మ ఇక ఆగలేదు. సామాన్ల గదిలోంచి ఉలి, సుత్తి తెచ్చింది. అల్లుడు "నేను కొడతానత్తయ్యా" అన్నా ఇవ్వలేదు. తను పూసిన సిమెంటుని తనే కొట్టింది. దెబ్బకో మాట పైకి వచ్చేసింది. "పిల్లకి... ఊపిరాడకుండా... చేసింది... నేనే." నాలుగు వైపులా విడిపోయాక ఇటుక బయటికి జారింది. దాని వెనకే ఏడేళ్ళ మసి దబదబా కుప్పకూలి, ఆవిడ చీర మీద, చేతుల మీద, మొహం మీద పడింది. ఒక బాల్చీ నిండింది. రెండో బాల్చీ నిండింది.

"మీ అదృష్టం, ఈ మసికి నిప్పంటుకోలేదు" అంది దుకాణం ఆవిడ. "ఇప్పుడు గొట్టం పైనుంచి కూడా బ్రష్షు దించి దులపాలి. అది నేను మనిషిని పంపిస్తాను. అంతవరకు కట్టె పెట్టకండి."

ఆవిడ ఒక కాగితం మెలిపెట్టి పొయ్యి నోట్లో వెలిగించింది. పొగ ఒక్క క్షణం తారట్లాడి, తిన్నగా పైకి లేచి గొట్టంలోకి వెళ్ళిపోయింది.

కూతురు తల్లి పక్కకి వచ్చి నిలబడింది. "తీసేయాలని నాకు మాత్రం ఉంటుందా అమ్మా? నువ్వు ఇక్కడ ఒక్కదానివే కూర్చుంటావు, మేము తలుపు వేసుకుని లోపల కూర్చుంటాం. అద్దంలోంచి నీ వీపు కనిపిస్తుంటుంది. పొగలేని హీటరు పెడితే అందరం నీ పక్కన కూర్చోవచ్చు కదా అనుకున్నాను. అంతే."

అమ్మమ్మ చెంపల మీద కన్నీళ్ళు మసిలో దారులు చేసుకుంటూ దిగాయి. తుడుచుకోబోతే అల్లుడు "అత్తయ్యా, ఆ చేత్తో వద్దు, ఇంకా అందంగా తయారవుతారు" అన్నాడు. ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

తర్వాత దుకాణం ఆవిడ వైపు తిరిగింది. "అమ్మాయీ, ఆ ఒరిగితే ఆరిపోయేదన్నావే, అది పంపించు. నాపరాళ్ళ మీద, పిల్ల కూర్చునే చోటికి దగ్గరగా పెట్టు. పిల్ల బయట ఉన్న రోజు అదే వెలుగుతుంది, కట్టె ముట్టను. పొయ్యి సంగతి, గొట్టం దులిపాక, డాక్టరు సరే అన్నాక చూద్దాం. కాదంటే కాదు. నాకు చల్లటి పొయ్యి ముందు కూర్చోవడం చేతకాకపోదు."

"తాపీవాళ్ళని రావద్దంటాను" అంది కూతురు.

అద్దాల తలుపు చిన్న సందు తెరుచుకుంది. "అమ్మమ్మా, నేను రావచ్చా?"

"ఈ మసి కడిగేదాకా అడుగు బయట పెట్టావంటే కాళ్ళిరగ్గొడతా!"

దుకాణం ఆవిడ వెళ్ళిపోయింది. అల్లుడు బాల్చీలు మూసి మోసుకెళ్ళాడు. అమ్మమ్మ నీళ్ళ గొట్టం పెట్టి పెరడు కడుగుతుంటే, కూతురు కొంగు బిగించి చీపురు అందుకుంది. ముందు గోడ వార, తర్వాత మెట్ల కింద, ఆఖరున పొయ్యి ముందు. ఆ వరస చూసి అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది. అలా కడగడం తను నేర్పలేదు.

ఈ పెరట్లో మేస్త్రి గురించి ఎవరేం అడిగినా చెప్పగలననుకుంది ఇన్నాళ్ళూ. ఆయన దగ్గు, నడక, ఏ ఇంట్లో ఏ పూట టీ తాగాడో కూడా. తను ఇంట్లో లేని ఆ మధ్యాహ్నాల మేస్త్రి మాత్రం తనకి తెలియని మనిషి.

నీళ్ళు కట్టేసి, తడి నేల మీదే చతికిలబడింది. కూతుర్ని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మసి తీసేటప్పుడు నీతో ఏం మాట్లాడేవాడే?"

"పాటలు పాడేవాడు."

"మేస్త్రా! పాటలా!"

"ఒక్కటీ పూర్తిగా వచ్చేది కాదు. మధ్యలో మర్చిపోయి, నీ పేరు పెట్టి పూరించేసేవాడు."

అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. బతుకంతా మేస్త్రి గురించి తనే చెప్పి ఊరందరికీ వినిపించిన ఆవిడ, గోడకి ఆనుకుని, చిన్నపిల్లలా మోకాళ్ళు దగ్గరికి తీసుకుంది.

"ఇంకా?" అంది. "ఇంకా చెప్పు."