అరికాలి కింద స్పాంజి

జూన్ పదకొండు. ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో ఆమె తిన్నది ఎండిపోయిన బ్రెడ్డూ జామూ. అతను తాగేసింది ఆమె వారం రోజుల కష్టం.

"ఆ పంచదార బిళ్లలు కాఫీలో వేసుకున్నారా? అవి నా అచ్చులండీ బాబూ!"

"అచ్చులా? తియ్యగానే ఉన్నాయే!"

ఆ బిళ్లల మీద రబ్బరులాంటి పాలిమర్ పోసి, గట్టిపడ్డాక నీళ్లలో పంచదారను కరిగించేస్తే ఒళ్లంతా చిల్లులున్న మెత్తటి స్పాంజి మిగులుతుంది. దానికి కార్బన్ పూసి చెప్పులో పెడితే సెన్సర్. అడుగు ఎంత బరువుగా పడిందో కంప్యూటర్‌కి చెబుతుంది. ఆ చెప్పులు తొడుక్కుని నడిచి చూపడానికి పక్క ఆస్పత్రి పంపిన ఫిజియోథెరపిస్టు ఇతనే. కాళ్ల పొడుగు చూసి ఆమె మనసులోనే ఒంటె అని పేరు పెట్టేసింది.

నెల తిరిగేసరికి ఆ పేరు పైకే వచ్చేసింది.

"ఒంటెగారూ! ట్రెడ్‌మిల్ మీద ఏనుగు అడుగులు, కారిడార్‌లో నా పక్కన పిల్లి అడుగులు! ఒక్క మనిషికి రెండు నడకలేంటండీ?"

"మీ స్పాంజికి జలుబు చేసిందేమో."

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. రేపటికి రెండు లెక్కలూ కలవకపోతే ఈ స్పాంజిని వదిలేద్దామని ల్యాబ్ పెద్దావిడ చెప్పేసింది. రెండేళ్ల పని!

ఆ సాయంత్రం పెద్దావిడే వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

"నువ్వు ఆగమ్మా. అతన్ని ఒక్కణ్ణే నడవనీ."

అతను కారిడార్‌లో ఒంటరిగా నడిచాడు. ఏనుగు అడుగులే.

"ఇప్పుడు నువ్వూ వెళ్లు."

పిల్లి అడుగులు.

"స్పాంజి నిక్షేపంలా ఉంది. రేపు పనేం ఆపక్కర్లేదు" అంటూ పెద్దావిడ లోపలికి వెళ్లిపోయింది.

ఆమె గిరుక్కున తిరిగింది. "నాతో కలిసి నడవడానికి అడుగులు కుదించి తేలిగ్గా వేస్తున్నారా? ఒక్క ముక్క చెప్పచ్చు కదండీ! వైర్లన్నీ పీకి మళ్లీ అతికించాను!"

"ఒట్టండీ, నాకే తెలీదు! మా నాయనమ్మతో కూడా ఇలాగే నడుస్తాను."

"నేను మీ నాయనమ్మనా?"

"అయ్యో, కాదండీ! ఆవిడ కోసం గుర్తుపెట్టుకుని నెమ్మదిగా నడుస్తాను. మీ పక్కన..." అతని చెవులు ఎర్రబడ్డాయి. "గుర్తుపెట్టుకునే పనే ఉండదు."

 బయట వాన మొదలైంది.

"గేటు దాకా నడుద్దామా?" అన్నాడతను.

"ముందు ఆ సెన్సర్ తీయండి" అంది విసుగ్గానే. "ఇక మీ అడుగులు కంప్యూటర్‌కి చెప్పక్కర్లేదు."

వాళ్లు మెట్ల మలుపు తిరిగేదాకా పెద్దావిడ లైటు ఆర్పలేదు. తర్వాత చప్పుడు కాకుండా, ఆ రాత్రికి ల్యాబ్ తలుపు మూసింది.